మంచు ఎరగని ఊళ్ళ కోసం మంచు ఆటల పుస్తకం

ఈ పుస్తకంలో నాకు నచ్చిన మొదటి సంగతి, ఇందులో ఎవరి మీదా జాలి పడకపోవడం. వికలాంగుల ఆటల గురించి మన భాషలో వచ్చే రాతలు చాలావరకు కన్నీళ్ళతో మొదలై చప్పట్లతో ముగుస్తాయి. మధ్యలో ఆట ఉండదు. బంతి ఏమిటి, బరి ఏమిటి, గెలుపును ఎలా లెక్కగడతారు అన్న ముక్క ఎక్కడా కనిపించదు. ఈ పుస్తకంలో మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా ఉన్నది ఆటే.

రాసినామె పుంగనూరు పిల్ల. మదనపల్లెలో నా దగ్గర లెక్కలు చదువుకుంది. ఇప్పుడు కుప్పం వైపు, బుద్ధిమాంద్యం ఉన్న పిల్లల బడిలో ఆటలు నేర్పుతోంది. అలాంటి మనిషి శీతాకాలపు క్రీడల మీద, అందులోనూ వికలాంగులు దేశాల జట్లుగా వెళ్ళి మంచు మీదా ఐసు మీదా ఆడే పోటీల మీద పుస్తకం రాసిందంటే, వినగానే ఎవరికైనా నవ్వు వస్తుంది. మంచెక్కడ, మనమెక్కడ? మా మూడూళ్ళకు చలి అంటే కొండ మీది చలే. పెద్దలు ఏనుగు మల్లమ్మ కొండ అన్నదానికి, కడప కలెక్టరుగా వచ్చిన డబ్ల్యు.డి. హార్స్లీ దొర వేసవి విడిది కట్టుకుని తన పేరు తగిలించి పోయాడు. నాలుగు వేల అడుగుల పైచిలుకు ఎత్తు. మే నెలలో కింద టమాటా మండీలో హమాలీలు చెమటలు కక్కుతుంటే పైన రాత్రికి దుప్పటి కావాలి. డిసెంబరు తెల్లవారుజామున గాలిబండ దగ్గర నిలబడితే పళ్ళు టకటకలాడతాయి. అంతే. ఆ కొండ మీద నీళ్ళు గడ్డకట్టాయని మా తాతలు కూడా చెప్పగా వినలేదు. స్వెట్టరు వేసుకుని పైకి పోవడం, వేడి టీ తాగడం, సాయంత్రం బస్సుకు దిగిరావడం. చలితో మాకున్న చుట్టరికం ఇంతే.

నిజానికి ఇంకో చుట్టరికం ఉంది. దాన్ని ఆమె రెండో అధ్యాయంలో పట్టుకున్న తీరు చూసి ముచ్చటేసింది. 1915లో మదనపల్లె పక్కన ఆరోగ్యవరంలో క్షయ రోగులకు శానిటోరియం వెలిసింది. డెన్మార్కు నుంచి వచ్చిన డాక్టరు క్రిస్టియన్ ఫ్రిమోట్ మోలర్ దానికి ఆది పురుషుడు. మా ప్రాంతం గాలి పొడిగా, చల్లగా ఉంటుందనే ఈ చోటు ఎంచుకున్నారు. అప్పటికి క్షయకు మందు లేదు. ఉన్న వైద్యమల్లా మంచి గాలి, మంచి తిండి, మంచం. వరండాల్లో వరసగా మంచాలు, వాటి మీద నెలల తరబడి కదలకుండా పడుకున్న మనుషులు. చల్లగాలి అంటే పడుకుని పీల్చుకోవాల్సిన మందు అని మా ఊళ్ళ బుర్రల్లో అలా స్థిరపడిపోయింది. మందులు వచ్చాక 1956లో మద్రాసులో ఒక పరిశోధన మొదలుపెట్టారు. ఒకే రకం మందులు ఇస్తూ కొందరు రోగులను శానిటోరియంలో ఉంచారు, కొందరిని ఇంటిదగ్గరే ఉంచారు. 1959లో ఫలితాలు బయటపెడితే రెండు వైపులా ఇంచుమించు ఒకటే. ఏళ్ళ తరబడి మంచమే వైద్యం అనుకున్నది మందు ముందు నిలబడలేదు. ఆ పరిశోధన ప్రపంచమంతటా క్షయ వైద్యాన్ని మార్చేసింది.

ఈ కథకూ మంచు ఆటలకూ ఏం సంబంధం అంటారా? అదే కాలంలో ఇంగ్లండులో ఇంకో డాక్టరు ఇంకో రకం మంచాలను ఖాళీ చేయిస్తున్నాడు. లుడ్విగ్ గుట్‌మన్. హిట్లరు జర్మనీ నుంచి 1939లో పారిపోయి వచ్చిన యూదు నాడీవైద్యుడు. వెన్నెముక దెబ్బతిన్న సైనికుల కోసం 1944లో స్టోక్ మాండవిల్ ఆసుపత్రిలో విభాగం తెరిచాడు. అప్పటిదాకా ఆ దెబ్బ తగిలినవాణ్ణి పడుకోబెట్టి ఉంచేవాళ్ళు. పుండ్లు పడి, మూత్రపిండాలు చెడి పోయేవాడు. గుట్‌మన్ వాళ్ళను లేపి కూర్చోబెట్టి చేతికి బంతి ఇచ్చాడు, బాణం ఇచ్చాడు. 1948 జులై 29న లండన్‌లో ఒలింపిక్స్ మొదలైన రోజే ఆసుపత్రి పచ్చికలో 16 మందితో విలువిద్య పోటీ పెట్టాడు. పారాలింపిక్స్‌కు విత్తు అదే.

మా వాళ్ళకు ఇంకా దగ్గరి ఉదాహరణ కావాలంటే వెల్లూరు ఉంది. చిత్తూరు జిల్లాలో ఏ ఇంటికి పెద్ద జబ్బు వచ్చినా అడుగులు పడేది అటే కదా. అక్కడి సీఎంసీ ఆసుపత్రి డాక్టర్ మేరీ వర్గీస్ 1954లో కారు ప్రమాదంలో నడుము కింద స్పర్శ కోల్పోయింది. చక్రాల కుర్చీలో కూర్చునే కుష్ఠు రోగుల చేతులకు ఆపరేషన్లు చేసింది. తర్వాత అమెరికా పోయి పునరావాస వైద్యం చదివి వచ్చింది. 1966లో వెల్లూరులో ఆ వైద్యానికి ప్రత్యేకంగా సంస్థ వెలవడం ఆమె చలవే. మన దేశానికి పారాలింపిక్స్ తొలి స్వర్ణం తెచ్చిన మురళీకాంత్ పేట్కర్ కూడా ఒకప్పుడు సికింద్రాబాదు ఈఎంఈలో బాక్సింగ్ చేసిన జవానే. 1965 యుద్ధంలో తూటాలు తగిలి నడుము కింద చచ్చుబడింది. 1972లో హైడెల్‌బర్గ్‌లో 50 మీటర్లు ఈది గెలిచాడు. ఇవన్నీ పుస్తకంలో గబగబా వస్తాయి. గబగబా రావడమే మంచిది, అసలు కథ మంచు మీద ఉంది.

మంచు మీద కథను మొదలుపెట్టిందీ యుద్ధమే. ఆస్ట్రియాలో కాలు పోయి ఇంటికొచ్చిన సైనికులు స్కీయింగ్ మానుకోలేదు. ఉన్న ఒక్క కాలికి పొడుగు స్కీ కట్టుకుని, చేతికర్రల కొసలకు చిన్న స్కీలు బిగించుకుని కొండ దిగారు. సెప్ జ్విక్‌నాగల్ అనే ఆయన బాంబు పేలి రెండు కాళ్ళూ పోగొట్టుకున్నవాడు. కట్టెకాళ్ళకు స్కీలు తొడుక్కుని ప్రయత్నాలు చేశాడు. గుట్‌మన్ పచ్చికలో బాణాలు వేయించిన 1948లోనే బాడ్‌గాస్టైన్‌లో కాళ్ళు పోయినవాళ్ళకు స్కీ పోటీలు జరిగాయి. 1976 ఫిబ్రవరిలో స్వీడన్‌లోని ఓర్న్‌షోల్డ్స్‌విక్‌లో 16 దేశాల క్రీడాకారులతో మొదటి శీతాకాల పారాలింపిక్స్ జరిగాయి. కాళ్ళు చేతులు పోయినవాళ్ళకూ చూపు లేనివాళ్ళకూ మాత్రమే అందులో చోటు. కూర్చుని స్కీ చేసేవాళ్ళ పోటీలు పతకాల జాబితాలోకి ఎక్కడానికి 1988 దాకా ఆగాల్సి వచ్చింది.

ఆ 16 దేశాల్లో ఉగాండా ఒకటి. చదువుతూ ఇక్కడ ఆగిపోయాను. భూమధ్యరేఖ మీద ఉన్న దేశం! అక్కడి నుంచి వచ్చినవాడి పేరు తోఫిరి కిబూకా. చూపు లేదు. అంతకు ముందే 1969లో కొందరు అంధులతో కలిసి కిలిమంజారో ఎక్కాడు. నార్వే వాళ్ళ దగ్గర స్కీ నేర్చుకుని 1976లోనూ 1980లోనూ ఉగాండా జెండా కింద మంచు మీద పోటీ పడ్డాడు. శీతాకాల పారాలింపిక్స్‌లో దిగిన తొలి ఆఫ్రికన్ అతనే. తర్వాత నార్వేలోనే స్థిరపడి ఆ దేశం తరఫున పరుగు పందేల్లో పతకాలు కూడా గెలిచాడు. మంచెక్కడ, మనమెక్కడ అని పైన నేను రాసిన మాటకు సమాధానం ఆమె ఒక్క పేజీలో, ఒక్క మనిషిని చూపించి చెప్పింది. ఆ పేజీలో ఆమె సొంత వ్యాఖ్య ఒక్క వాక్యం కూడా లేదు. బడిలో వ్యాసాలు రాయమంటే నాలుగు సామెతలు దట్టించే పిల్లలను చూసిన కళ్ళతో ఇది చూసి ఎంత సంతోషించానో ఆమెకు చెప్పలేదు, ఇక్కడ చెబుతున్నాను.

నేను లెక్కల మాస్టారిని కాబట్టి ఐదో అధ్యాయం నా సొత్తు. కొండ దిగే స్కీ పందెంలో పోటీదారులను మూడు గుంపులు చేస్తారు. నిలబడి దిగేవాళ్ళు, కూర్చుని దిగేవాళ్ళు, చూపు సరిగా లేనివాళ్ళు. ఒక్కో గుంపులోనూ లోపాలు రకరకాలు. చెయ్యి లేనివాడూ కాలు లేనివాడూ ఒకే గుంపులో పడతారు. మరి గెలుపు ఎలా తేలుతుంది? ఒక్కో తరగతికి ఒక్కో గుణకం పెట్టారు. మనిషి కిందికి దిగడానికి పట్టిన కాలాన్ని ఆ గుణకంతో హెచ్చవేస్తారు. ఊహకు ఒక లెక్క వేద్దాం. ఒకాయన 90 సెకన్లలో దిగాడు, గుణకం 0.95. ఇంకొకాయన 100 సెకన్లలో దిగాడు, గుణకం 0.80. మొదటాయన లెక్క 85.5, రెండో ఆయన లెక్క 80. పది సెకన్లు వెనకొచ్చినవాడే విజేత. టీవీలో చూసేవాళ్ళకు ముందొచ్చినవాడు ఓడిపోయినట్టు కనిపించి తికమక అవుతుంది గానీ, దశాంశాలు చెప్పడానికి ఇంతకన్నా మంచి పాఠం నా ముప్పై చిల్లర ఏళ్ళ సర్వీసులో దొరకలేదు. ఏడో తరగతి మాస్టార్లు ఈ అధ్యాయాన్ని నిస్సంకోచంగా వాడుకోవచ్చు.

పనిముట్ల వర్ణన కూడా ఇలాగే ఒళ్ళు దగ్గర పెట్టుకుని రాసింది. మోనోస్కీ అంటే ఒంటికి సరిగ్గా పట్టేలా పోతపోసిన సీటు, దాని కింద బండికి ఉండేలాంటి షాక్ అబ్జార్బరు, ఆ కింద ఒకే ఒక్క స్కీ. రెండు చేతుల్లో పొట్టి కర్రలు, వాటి కొసల్లో చిన్న స్కీలు. నడుము పక్కకు వాల్చితే మలుపు తిరుగుతుంది. గంటకు వంద కిలోమీటర్లు దాటే వేగంలో ఈ పని చెయ్యాలి. ఐసు హాకీలో ఆడేవాళ్ళు నడుము కింద బ్లేళ్ళున్న స్లెడ్జి మీద కూర్చుంటారు. రెండు చేతులకూ రెండు పొట్టి కర్రలు. ఒక కొసన ముళ్ళు, ఇంకో కొసన బ్లేడు. ముళ్ళను ఐసులో గుచ్చి తోసుకుంటూ ముందుకు పోతారు, కర్ర తిప్పి అదే చేత్తో గోలు కొడతారు. 1960ల మొదట్లో స్టాక్‌హోం పునరావాస కేంద్రంలో ఉన్నవాళ్ళే ఆడుకోవడానికి తయారు చేసుకున్న ఆట ఇది. ఎవరో దయతలచి ఇచ్చింది కాదు. 1994 లిల్లెహామర్ నుంచి పారాలింపిక్స్‌లో ఉంది.

చూపు లేనివాళ్ళు తుపాకీ పేల్చే బయథ్లాన్ గురించి చదివేటప్పుడు కుర్చీలో నిటారుగా కూర్చున్నాను. స్కీ మీద కిలోమీటర్లు పోయి, రొప్పుతూ వచ్చి, పడుకుని 10 మీటర్ల దూరంలో ఉన్న ఐదు గురులను కొట్టాలి. చూపు లేదు కదా, ఎలా? చెవులకు హెడ్‌ఫోను. తుపాకీ గురికి దగ్గరయ్యే కొద్దీ శబ్దం సన్నబడి పైకి పోతుంది. అది అత్యంత పైస్థాయికి చేరిన క్షణంలో మీట నొక్కాలి. గుండె దడదడలాడుతుంటే ఆ శబ్దాన్ని పట్టుకోవడం ఎంత కష్టమో ఆలోచించండి. సంగీతం నేర్చినవాళ్ళకు శ్రుతి కలపడం ఎంత నిష్ఠో తెలుసు, ఇక్కడ అదే పని పరుగు మధ్యలో.

ఇక గైడు. చూపు లేని స్కీయరు ముందు చూపున్న మనిషి ఒకరు పోతుంటారు. మలుపు ఎడమా కుడా, ఏటవాలు ఎంత, అన్నీ మైకులో చెబుతూ పోవాలి. గెలిస్తే గైడు కూడా వేదిక ఎక్కుతాడు, గైడు మెడలోనూ పతకం పడుతుంది. దేశపు జట్టు అంటే పదిమంది వీరుల జాబితా అనుకునేవాళ్ళు ఈ భాగాన్ని నెమ్మదిగా చదవాలి. జర్మనీకి చెందిన వెరీనా బెంటెలే పుట్టు అంధురాలు. 2009లో ఒక పోటీలో గైడు నోటి నుంచి ఎడమ బదులు కుడి అనో, కుడి బదులు ఎడమ అనో జారింది. ఆమె వేగంగా పోయి ఎండిపోయిన వాగులో పడింది. మోకాలు, కాలేయం, మూత్రపిండం దెబ్బతిన్నాయి. మరుసటి ఏడాదే 2010 వాంకూవర్‌లో కొత్త గైడుతో దిగి ఐదు స్వర్ణాలు గెలిచింది. ఈ కథను పత్రికలవాళ్ళు ఆమె గుండెధైర్యం గురించి చెబుతారు. పుస్తకం రాసినామె మాత్రం ఇంకో ప్రశ్న వేసింది: మళ్ళీ ఒక గొంతును నమ్మి కొండ దిగడానికి ఆమె ఆ గొంతుతో ఎలా పని చేసి ఉంటుంది? మాటలు ఎలా కుదించుకుంటారు, ఏ కూతకు ఏ అర్థం, ఎంత దూరం ముందు పోవాలి? ఆటలు నేర్పే మనిషి మాత్రమే వేయగల ప్రశ్నలివి.

ఇంతదాకా పారాలింపిక్స్. పుస్తకంలో సగం పైగా ఉన్నది స్పెషల్ ఒలింపిక్స్. ఈ రెండూ ఒకటే అనుకునేవాళ్ళు చదువుకున్నవాళ్ళలోనూ బోలెడుమంది. స్పెషల్ ఒలింపిక్స్ బుద్ధిమాంద్యం ఉన్నవాళ్ళవి. 1968లో యూనిస్ కెనడీ ష్రైవర్ చికాగోలో మొదలుపెట్టింది. మంచు ఆటలు 1977లో కొలరాడోలో మొదలయ్యాయి. మన దేశం నుంచి స్పెషల్ ఒలింపిక్స్ భారత్ జట్లను పంపుతుంది. 2025 మార్చిలో ఇటలీలోని టురిన్‌లో మన జట్టు 8 స్వర్ణాలు, 18 రజతాలు, 7 కాంస్యాలు, మొత్తం 33 పతకాలు తెచ్చింది. హిమాచల్‌లోని నార్కండలో మంచు మీద శిక్షణ ఇప్పించి తీసుకెళ్ళారు. స్నోబోర్డు, స్కీ, స్నోషూ పరుగు, ఐసు మీద స్కేటింగు, ఫ్లోర్‌బాల్. ఈ పతకాల లెక్కను పారాలింపిక్స్ పతకాల పక్కన పెట్టి పోల్చకూడదని ఆమె గట్టిగా చెప్పింది, నేనూ బలపరుస్తున్నాను. ఇక్కడ దాదాపు సమాన సామర్థ్యం ఉన్నవాళ్ళను చిన్న చిన్న గుంపులు చేసి, గుంపు గుంపుకూ పోటీ పెడతారు. నెమ్మదిగా పరుగెత్తేవాడికీ తనలాంటి వాళ్ళతో నిజమైన పందెం దొరుకుతుంది. దేశాల వారీగా ఎవరు ముందు అని తేల్చడం ఆ పోటీల ఉద్దేశమే కాదు. మన పత్రికలు మాత్రం పతకాల పట్టిక లేకుండా ఒక్కరోజూ నిద్రపోవు.

మంచు లేకపోయినా ఆడే మంచు ఆట ఒకటుంది. దాన్ని నేను కళ్ళారా చూశాను. ఒక ఆదివారం ఆమె పనిచేసే బడికి వెళితే భోజనాల గదిలో బల్లలు గోడకు జరిపి పిల్లలను రెండు జట్లు చేసి ఉంది. అటక మీది పాత సామానులోంచి ఫ్లోర్ హాకీ సరంజామా తీసింది. నడిమధ్య చిల్లి ఉన్న గుండ్రటి ఫెల్టు బిళ్ళ. కొసన వంపు లేని తిన్నటి కర్ర. కర్ర కొసను ఆ చిల్లిలో దించి బిళ్ళను గచ్చు మీద లాక్కుంటూ పరుగెత్తాలి, అదను చూసి గోలులోకి విసరాలి. ఈ ఆట చాలా ఏళ్ళు ప్రపంచ శీతాకాల క్రీడల్లో ఉంది, తర్వాత దాని స్థానంలోకి చిల్లుల ప్లాస్టిక్ బంతితో ఆడే ఫ్లోర్‌బాల్ వచ్చింది. పిల్లలు ఇప్పుడు నేర్చుకునేది ఆ కొత్త ఆటే, అయినా పాత బిళ్ళ అంటే వాళ్ళకు ప్రాణం. నా చేతికీ కర్ర ఇచ్చారు. బిళ్ళ చిల్లిలోంచి కర్ర జారకుండా నాలుగు అడుగులు వేయడం నా వల్ల కాలేదు. ఎదుటి జట్టులో పన్నెండేళ్ళ పిల్లవాడు నా పక్కనుంచి వచ్చి బిళ్ళ లాక్కుపోయాడు. లాక్కుపోయి ఆగి, వెనక్కి తిరిగి, "తాతా, కర్ర కిందికి నొక్కల్ల" అని పాఠం చెప్పి మరీ గోలు కొట్టాడు. వాడికి గుణకారం రాదట. నాకు అది రాలేదు.

ఆ పిల్లవాడి లాంటివాళ్ళ గురించి పుస్తకంలో ఒక కఠినమైన అధ్యాయం ఉంది. 2000లో సిడ్నీ పారాలింపిక్స్‌లో బుద్ధిమాంద్యం విభాగంలో బాస్కెట్‌బాల్ స్వర్ణం గెలిచిన స్పెయిన్ జట్టులో 12 మందికి 10 మంది ఏ లోపమూ లేనివాళ్ళని తేలింది. దొంగతనం ఆ జట్టుది, శిక్ష ప్రపంచంలోని బుద్ధిమాంద్యం ఉన్న క్రీడాకారులందరికీ పడింది. ఆ విభాగాన్నే తీసేశారు. 2012 లండన్‌లో మళ్ళీ కొన్ని ఆటల్లోకి రానిచ్చారు. ఆ తెరిచిన తలుపులోంచే వరంగల్ వైపు కల్లెడ పల్లె అమ్మాయి దీప్తి జీవాంజి పోయి 2024 పారిస్‌లో 400 మీటర్ల పరుగులో కాంస్యం తెచ్చింది. మరి శీతాకాల పారాలింపిక్స్? 1998 నగానోలో ఈ విభాగం వాళ్ళు స్కీ పోటీల్లో ఉన్నారు. ఆ తలుపు ఆ తర్వాత తెరుచుకోలేదు. దీప్తి నేల మీద పరుగెత్తింది కాబట్టి పారాలింపిక్స్ చూసింది. అలాంటి పిల్లే మంచు మీద పరుగెత్తితే చోటు లేదు. స్పెషల్ ఒలింపిక్స్ ఒక్కటే దిక్కు. ఈ అన్యాయాన్ని ఇంత స్పష్టంగా చెప్పిన తెలుగు రాత నా కంటపడలేదు.

మన దేశం సంగతికి వద్దాం. వేసవి పారాలింపిక్స్‌కు 1968లోనే వెళ్ళిన దేశం మనది. శీతాకాల పారాలింపిక్స్‌లో 2022 బీజింగ్ దాకా ఒక్క మనిషినీ దింపలేదు. హిమాలయాలు పెట్టుకుని! చైనాను చూడండి. 2002లో మొదలుపెట్టింది. 2018 దాకా వాళ్ళకు వచ్చింది ఒకే ఒక్క పతకం, చక్రాల కుర్చీ కర్లింగులో. నాలుగేళ్ళు తిరిగేసరికి సొంత గడ్డ మీద 61 పతకాలు. డబ్బు, పట్టుదల, ముందుచూపు కలిస్తే ఎంత తొందరగా పని అవుతుందో దానికి అది లెక్క. డబ్బు లేకపోయినా ఎంతవరకు పోవచ్చో బ్రెజిల్ చూపించింది. క్రిస్టియన్ రిబేరా అనే కుర్రవాడు కీళ్ళు బిగుసుకుపోయే లోపంతో పుట్టాడు. తారు రోడ్ల మీద చక్రాల స్కీతో సాధన చేసి 2018 ప్యాంగ్‌చాంగ్‌లో పదిహేనేళ్ళ వయసులో 15 కిలోమీటర్ల పందెంలో ఆరోవాడిగా వచ్చాడు. మన శివ కేశవన్ కూడా ఐసు మీద జారే ల్యూజ్ బండికి చక్రాలు కట్టి మనాలీ రోడ్ల మీద లారీల మధ్య దూసుకుపోయినవాడే. ఆరు ఒలింపిక్స్ ఆడాడు.

మన రాష్ట్రంలో చేతులతో బలంగా తోసుకుపోగల మనుషులకు కొదవ లేదు. కొంగనపల్లె నారాయణ రాయలసీమ నుంచి సైన్యంలోకి పోయినవాడు. జమ్ము కశ్మీర్‌లో మందుపాతర పేలి కాలు పోయింది. పుణెలో సైన్యం నడిపే పారా క్రీడల కేంద్రంలో పడవ పందెం నేర్చుకుని ఆసియా పారా క్రీడల్లో రజతం గెలిచాడు, పారిస్ పారాలింపిక్స్‌కూ పోయాడు. అలాంటి భుజాలు స్లెడ్జి మీదా పనికొస్తాయి, కూర్చుని చేసే స్కీలోనూ పనికొస్తాయి. ఆమె వాదన ఇదే. మంచు ఆటకు కావలసిన శిక్షణలో చాలా భాగం మంచు లేకుండానే జరుగుతుంది: భుజబలం, నడుము పట్టు, చక్రాల స్కీ, చూపు లేనివాడికీ గైడుకూ మధ్య మాట కుదరడం. మంచు మీదికి వెళ్ళాల్సింది చివరి కొన్ని వారాలకే. హార్స్లీ హిల్స్ ఘాట్ రోడ్డును తెల్లవారుజామున రెండు గంటలు మూసి చక్రాల స్కీ సాధనకు ఇస్తే ఎలా ఉంటుందని ఆమె ఒక పేరా రాసింది. అటవీ శాఖ, పర్యాటక శాఖ, ఆర్టీసీ, కోతులు, ఇన్ని వర్గాలను ఒప్పించాలి. అయినా ఊహ చెడ్డది కాదు.

మెచ్చుకుంటూ పోతే ముందుమాటకు విలువ ఉండదు కాబట్టి నచ్చనివీ చెబుతాను. ప్రభుత్వ పథకాల అధ్యాయం జీవో చదివినట్టుంది. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో 30వ సెక్షను ఆటల గురించే ఉందని, లోపాల జాబితా పాత చట్టంలోని 7 నుంచి 21కి పెరిగిందని చెప్పడం అవసరమే, కానీ ఆ సెక్షను తమ మండలంలో ఏం మార్చిందో ఆమెకు తెలుసు, అది రాయాల్సింది. సంక్షిప్త నామాలు మరీ ఎక్కువ. అంతర్జాతీయ పారాలింపిక్ కమిటీని ఐపీసీ అని రాస్తే మా వాళ్ళకు ఇంకా శిక్షాస్మృతే గుర్తొస్తుంది. పోటీల తేదీల పట్టికలు వెనక అనుబంధంలో పెడితే సరిపోయేది.

మెచ్చుకోవలసింది ఇంకొకటి మిగిలింది. ఆమె తమ్ముడికి డౌన్ సిండ్రోమ్. ఆమె ఈ దారి పట్టింది వాడి వల్లే అని ఊళ్ళో అందరికీ తెలుసు. వేరే ఎవరైనా అయితే పుస్తకమంతా వాడి చుట్టూ తిప్పేవాళ్ళు, అట్ట మీద వాడి ఫోటో వేసేవాళ్ళు. ఇంత పుస్తకంలో వాడు వచ్చేది ఒకే పేరాలో, గోలు కీపరుగా. బంతి ఎడమ వైపు వస్తే ఆలస్యంగా వంగుతాడట, కుడి వైపు వస్తే గోడేనట. అక్కగా ఆమె రాసింది ఏమీ లేదు. కోచ్‌గా రాసింది అంతే. వాడు ఆ పేరా చదివించుకుని, ఎడమ వైపు ఆలస్యం అన్న మాట తీసేయమని గొడవపెట్టాడని విన్నాను. ఆమె తీయలేదు.

మదనపల్లె, పుంగనూరు, కుప్పం హైస్కూళ్ళ పీఈటీలు ఈ పుస్తకాన్ని ముందు ఐదో అధ్యాయం నుంచి చదివితే మేలు, తర్వాత మొదటికి రావచ్చు. తల్లిదండ్రులు మాత్రం స్పెషల్ ఒలింపిక్స్ భాగంతో మొదలుపెట్టాలి, పేర్లు ఎలా నమోదు చేయించాలో, ఏ కాగితాలు కావాలో అందులో ఉంది. రెండో ముద్రణ వస్తే ఒక మోనోస్కీకి, ఒక స్లెడ్జికి ఎంత ఖర్చవుతుందో, మన లేతు వర్కుషాపుల్లో దాన్ని ఎంతలో చేయించవచ్చో ఒక అధ్యాయం చేర్చాలి. మదనపల్లెలో ట్రాక్టరు ట్రాలీలు కట్టే షెడ్లు బోలెడున్నాయి. కొలతలు ఇస్తే వాళ్ళు చేయలేనిది లేదు.

ఆశీస్సులతో,
ఒక పాత లెక్కల మాస్టారు
హార్స్లీ హిల్స్